ఆత్మసమీక్ష ప్రశ్నలు ఎవరు రాయాలి? వైద్య విద్యలో విద్యార్థుల భాగస్వామ్యం

చేసిన పనిని తర్వాత వెనక్కి తిరిగి చూసుకొని, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, అలాంటి సందర్భం మళ్లీ వస్తే ఏం మార్చుకోవాలి అని వరసగా ఆలోచించడమే ఆత్మసమీక్ష. మెడికల్, నర్సింగ్ కాలేజీల్లో దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. ఒక నర్సింగ్ విద్యార్థిని వార్డులో ఒక పెద్దాయనకు సెలైన్ ఎక్కించడానికి మూడుసార్లు సూది గుచ్చాల్సి వచ్చిందనుకుందాం. కేస్ షీట్‌లో సెలైన్ మొదలుపెట్టిన సమయం మాత్రమే ఉంటుంది. రెండోసారి కూడా నరం దొరకనప్పుడు సీనియర్‌ని ఎందుకు పిలవలేదు, సిస్టర్ కోప్పడుతుందన్న భయమా, పిలిస్తే చిన్నతనమన్న సంకోచమా, ఆ పెద్దాయనకు ఒక్క మాటైనా చెప్పి గుచ్చిందా లేదా అన్నవి ఏ రికార్డులోకీ ఎక్కవు. ఆ అమ్మాయి రేపు ఎలాంటి నర్సు అవుతుందన్నది చాలావరకు ఆ ప్రశ్నలకు తనకు తాను చెప్పుకునే జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ఆలోచనకు పునాది అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ వేశాడు. ఒక నమ్మకాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకుండా, అది ఏ ఆధారాల మీద నిలబడిందో పట్టుదలగా, జాగ్రత్తగా పరిశీలించడం గురించి ఆయన 1910లో ‘హౌ వుయ్ థింక్’ అనే పుస్తకంలో వివరించాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన డొనాల్డ్ షాన్ 1983లో ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’ రాసి, దాన్ని వృత్తుల్లోకి తెచ్చాడు. పుస్తకాల్లో నేర్చుకున్న సిద్ధాంతాన్ని ఎదుటి సమస్యకు అతికించి నిపుణులు పనిచేస్తారన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. నిజమైన సమస్యలు చిక్కుముడులుగా వస్తాయి, నిపుణుడు పని చేస్తూనే ఆలోచిస్తాడు, పని అయ్యాక మళ్లీ ఆలోచిస్తాడు అన్నాడు. ఈ రెండు రకాల ఆలోచనలను విడదీసి చెప్పడం వైద్య విద్యకు బాగా పనికొచ్చింది. క్యాజువాలిటీలో బీపీ పడిపోతున్న రోగి ముందు నిలబడి ఆలోచించే తీరు వేరు, డ్యూటీ దిగాక అదే సంఘటనను తలుచుకొని ఆలోచించే తీరు వేరు. మొదటిది కుదరాలంటే రెండోది అలవాటు కావాలి.

1988లో ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌కు చెందిన గ్రాహం గిబ్స్ దీనికి ఆరు మెట్లున్న చక్రం ఒకటి గీశాడు. ఏం జరిగిందో చెప్పడంతో మొదలై, అప్పుడు కలిగిన భావాలు, మంచిచెడ్డల అంచనా, కారణాల విశ్లేషణ, తేలిన విషయం, ఇకముందు చేయబోయేది అన్న మెట్ల మీదుగా అది తిరుగుతుంది. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి నర్సింగ్ చదువులో ఈ చక్రం బాగా పాతుకుపోయింది. ఆ తేలికదనమే తర్వాత ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది.

ఆత్మసమీక్ష అంటే మనసులోని బాధ చెప్పుకోవడమే అనుకుంటే పొరపాటు. దానివల్ల రోగనిర్ధారణ కూడా మెరుగుపడుతుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో సిల్వియా మమేదే బృందం జనరల్ మెడిసిన్ రెసిడెంట్లతో చేసిన ప్రయోగం 2010లో ప్రచురితమైంది. అంతకుముందే చూసిన కేసును పోలిన లక్షణాలు కనిపించగానే, రెండో ఏడాది రెసిడెంట్లు పాత జబ్బు పేరే చెప్పి పొరబడ్డారు. అవే కేసులను ఆగి, ఈ నిర్ధారణకు అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది అని క్రమపద్ధతిలో చూసుకున్నప్పుడు వాళ్ల తీర్పు మెరుగైంది. కొంత అనుభవం వచ్చాకే ఈ తప్పు మొదలుకావడం గమనించాల్సిన విషయం.

ఆత్మసమీక్ష అవసరమనడానికి రెండో కారణం మనిషితనానికి సంబంధించింది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో మహమ్మద్ రజా హోజత్ బృందం విద్యార్థుల సహానుభూతిని ఏటా కొలిచింది. మూడో ఏడాదిలో, అంటే వార్డుల్లో రోగులతో పని మొదలయ్యే దశలో, అది గణనీయంగా తగ్గిందని 2009లో తేల్చింది. రోగులకు దగ్గరయ్యే కొద్దీ పెరగాల్సిన గుణం తరగడం మొదలైందన్నమాట. పాఠ్యప్రణాళికలో రాయని పాఠాలు కాలేజీ వాతావరణమే నేర్పుతుందని ఫ్రెడరిక్ హాఫర్టీ, రొనాల్డ్ ఫ్రాంక్స్ 1994లోనే చెప్పారు. రౌండ్స్‌లో రోగిని పేరుతో కాకుండా బెడ్ నంబర్‌తో పిలవడం, అటెండెంట్ల మీద కసురుకోవడం, జూనియర్ నోరు మూసుకొని నిలబడటం ఏ సిలబస్‌లోనూ ఉండవు. అయినా ప్రతి బ్యాచ్ నేర్చుకుంటుంది. చూసినదాన్ని పరిశీలించే అలవాటు లేకపోతే దాన్నే మంచి పద్ధతి అనుకొని వంటబట్టించుకుంటుంది.

ఇందుకే నియంత్రణ సంస్థలు ఆత్మసమీక్షను తప్పనిసరి చేస్తూ వచ్చాయి. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి ప్రతి నర్సూ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదు ఆత్మసమీక్షలు రాసి, వాటిని మరో రిజిస్టర్డ్ నర్సు లేదా మిడ్‌వైఫ్‌తో చర్చించాలి. అక్కడ పనిచేసే తెలుగు నర్సులకూ ఈ నియమం వర్తిస్తుంది. మన దేశంలో భారత వైద్య మండలి 2018లో వైఖరి, నైతికత, సంభాషణలకు సంబంధించి ‘ఎట్‌కామ్’ పేరుతో 27 మాడ్యూళ్లు విడుదల చేసింది. 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి సామర్థ్యాల ఆధారిత పాఠ్యప్రణాళిక అమలుకొచ్చింది. తర్వాత ఏర్పడిన నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులు లాగ్‌బుక్‌లో రిఫ్లెక్షన్ రాయడం మొదలైంది ఇలాగే. ఆ మాడ్యూళ్లలో మంచి ఆలోచనలున్నాయి. శవపరిచ్ఛేదన కోసం దానమిచ్చిన దేహాన్ని తొలి గురువుగా చూడమని చెప్పే మాడ్యూల్, రోగి కావడమంటే ఏమిటో అడిగే మాడ్యూల్ ఏ కుర్రవాణ్నైనా ఒక్క క్షణం ఆపగలిగినవి.

అయితే ఆదేశం మీద నడిచే ఆత్మసమీక్ష త్వరగా ప్రాణం పోగొట్టుకుంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు అన్నె డి లా క్రోయ్, మారియో వేన్ 2018లో ఈ సంగతిని సూటిగా చెప్పారు. ఇచ్చిన నమూనా ప్రకారం గడులు నింపడం నేర్చుకున్న విద్యార్థి బయటికి ఆలోచనాపరుడిలాగే కనిపిస్తాడు కానీ లోపల ఆలోచన జరగడం లేదు అంటూ, అలాంటివాళ్లను జాంబీలతో పోల్చారు. అధ్యాపకుడికి ఏం కావాలో విద్యార్థులు ఇట్టే పసిగడతారు. ఒక చిన్న తప్పు ఒప్పుకోవాలి, కాస్త బాధ పడాలి, చివర ఒక పాఠం నేర్చుకోవాలి. ఈ సూత్రం తెలిశాక జరగని సంఘటన మీద కూడా ఒక పేజీ రాయవచ్చు. లాగ్‌బుక్ సంతకాలకు ముందు రాత్రి హాస్టల్లో ఒకరి రాతను నలుగురు మాటలు మార్చి రాసుకోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. తప్పు వాళ్ల బద్ధకానిది కాదు. ఏం అడగాలి, ఎప్పుడు రాయాలి, ఎవరు చదవాలి, మార్కులు ఉండాలా వద్దా అన్న నిర్ణయాలన్నీ రాసేవాళ్లు లేని గదిలో జరిగిపోవడంలోనే అసలు లోపం ఉంది.

దీనికి భయం కూడా తోడవుతుంది. 2011లో బ్రిటన్‌లోని లెస్టర్ ఆసుపత్రిలో ఆరేళ్ల బాలుడు సెప్సిస్‌తో మరణించాడు. ఆ కేసులో శిక్షణలో ఉన్న ఒక డాక్టర్‌కు 2015లో శిక్ష పడింది. 2018 జనవరిలో ఆమె పేరు వైద్యుల రిజిస్టర్ నుంచి తొలగించారు. అదే ఏడాది ఆగస్టులో అప్పీల్ కోర్టు ఆ తొలగింపును రద్దు చేసింది. ఆమె రాసుకున్న ఆత్మసమీక్షలనే కోర్టులో ఆమెకు వ్యతిరేకంగా వాడారన్న మాట ఈలోగా దేశమంతా పాకింది. ఆ పోర్ట్‌ఫోలియో జ్యూరీ ముందుకు రాలేదని ఆమెకు రక్షణగా నిలిచిన సంస్థ తర్వాత స్పష్టం చేసినా, జూనియర్ డాక్టర్లలో పుట్టిన అనుమానం పోలేదు. అక్కడి వైద్యుల నియంత్రణ సంస్థ జనరల్ మెడికల్ కౌన్సిల్ తన విచారణల్లో డాక్టర్లను ఆత్మసమీక్షలు అడగబోనని ప్రకటించి, ఇతర వైద్య సంస్థలతో కలిసి 2018లో కొత్త మార్గదర్శకాలు విడుదల చేయాల్సి వచ్చింది. తన మాట తన మీదికే తిరిగి వస్తుందేమో అనుకునే మనిషి నిజం రాయడు. ఆ భరోసా విద్యార్థులతో కూర్చొని కుదుర్చుకోవాలి తప్ప సర్క్యులర్‌తో రాదు.

రూపకల్పనలో విద్యార్థులకు చోటివ్వడం అనగానే చాలా కాలేజీలకు ఫీడ్‌బ్యాక్ ఫారం గుర్తొస్తుంది. అది చాలదు. ప్రజల భాగస్వామ్యం మీద అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసింది. అడుగున పేరుకు మాత్రం కూర్చోబెట్టడం, మధ్యలో సమాచారమివ్వడం, అభిప్రాయం అడగడం ఉంటాయి. నిర్ణయాధికారం పంచుకోవడం పైమెట్లలో ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఫారం ఈ నిచ్చెనకు నడిమి మెట్టు దాటదు, ఎందుకంటే అడిగినవాళ్లు ఏం చేశారో చెప్పినవాళ్లకు తెలియదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1960ల చివర్లోనే సమస్యల ఆధారంగా వైద్యం నేర్పడం మొదలుపెట్టింది. విద్యార్థులను బోధనలో భాగస్వాములుగా చూసే ధోరణికి 2017 నుంచి ఒక అంతర్జాతీయ పత్రిక నడుపుతున్నదీ అదే. వైద్య విద్యకు సంబంధించిన అంతర్జాతీయ సంఘం ‘ఆమీ’ తన ఆస్పైర్ పురస్కారాల్లో విద్యార్థుల భాగస్వామ్యాన్ని ఒక విభాగంగా పెట్టింది.

విద్యార్థులు నిజంగా తేల్చగల విషయాల్లో మొదటిది ప్రశ్న. ‘ఈ మాడ్యూల్ నుంచి మీరేం నేర్చుకున్నారు?’ అని అడిగితే పాఠం సారాంశమే జవాబుగా వస్తుంది. అదే మొదటిసారి శవపరిచ్ఛేదన హాల్లోకి వెళ్లిన రోజు రాత్రి అన్నం తినబుద్ధి అయిందా అని, రోగికి ఇబ్బంది కలుగుతోందని తెలిసీ నోరు విప్పని సందర్భం ఉందా అని, పీజీ చెప్పింది తప్పనిపించినప్పుడు ఏం చేశారని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఇలాంటి ప్రశ్నలు అధ్యాపకులకు తట్టవని కాదు. పాతికేళ్ల కిందట తాము ఏ మూల తడబడ్డామో వాళ్లకు ఇప్పుడు అంత స్పష్టంగా గుర్తుండకపోవచ్చు. నిన్నగాక మొన్న తడబడినవాడికి బాగా తెలుసు.

రెండోది సమయం. నైట్ డ్యూటీ దిగిన హౌస్ సర్జన్‌ను ఆ ఉదయమే పేజీ రాయమంటే ఏదో ఒకటి గీకుతాడు. నెల తర్వాత అడిగితే మరిచిపోతాడు. అప్పటికప్పుడు రెండు వాక్యాలు నోట్ చేసుకొని వారం చివర్లో విస్తరించడం, ఒక్కో పోస్టింగ్‌కు నాలుగు చిన్నవాటి బదులు ఒకటే లోతైనది రాయడం వంటి సర్దుబాట్లు వాళ్ల దినచర్య తెలిసినవాళ్లే సూచించగలరు.

మూడోది రూపం, భాష. రాత ఒక్కటే దారి కాదు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో జాన్ శాండర్స్ బృందం వైద్య విద్యార్థుల చేత ఫోటోలు, గొంతు కలిపి డిజిటల్ కథల రూపంలో ఆత్మసమీక్ష చేయించింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ 1993 నుంచి విద్యార్థుల చేత సమాంతర కేస్ షీట్ రాయిస్తోంది. రోగిని చూసి చనిపోయిన తాతయ్య గుర్తొస్తే ఆ సంగతి ఆసుపత్రి కేస్ షీట్‌లో రాయకూడదు, కానీ ఎక్కడో ఒకచోట రాయాలి, ఆ చోటే ఇది అన్నది ఆమె ఆలోచన. రాసినదాన్ని చిన్న బృందంలో గొంతెత్తి చదువుతారు.

తెలుగు రాష్ట్రాల్లో భాష గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. రోగి గుండె దడదడలాడుతోందంటాడు, ఒళ్లంతా పీకుతోందంటాడు, కళ్లు బైర్లు కమ్మాయంటాడు. విద్యార్థి తెలుగులోనే మాట్లాడతాడు, తెలుగులోనే కంగారు పడతాడు. లాగ్‌బుక్ తెరవగానే అదంతా ఇంగ్లిష్‌లో ‘రోగి ఆందోళనగా ఉన్నాడు’ అన్న ఒక్క ముక్కకు కుదించుకుపోతుంది. తెలుగులోనో, రెండు భాషలు కలిపో రాసే వీలుంటే ఆ అనుభవం బతికే అవకాశం ఎక్కువ. గవర్నమెంట్ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లలో చేరే ఇతర రాష్ట్రాల విద్యార్థులది దీనికి తలకిందుల పరిస్థితి. రోగి మాట సగమే అర్థమైన రోజు ఏం జరిగిందన్నదే వాళ్ల ఆత్మసమీక్షకు మంచి వస్తువు. ఇద్దరికీ ఒకే ఫారం ఇవ్వడం వల్ల ఇద్దరి అనుభవాలూ జారిపోతున్నాయి.

చివరిగా మార్కులు, చదివే మనిషి. ఇంటర్నల్ మార్కులు వేసే చేతికే మనసులోని మాట అప్పగించమనడం న్యాయం కాదు. విద్యార్థులను అడిగితే చాలామంది మార్కులు వద్దంటారు. అయితే మార్కులు లేని పనిని ఎవరూ పట్టించుకోరన్న భయం అధ్యాపకులకు ఉంటుంది, అందులోనూ నిజముంది. ఈ రెంటి మధ్య కొన్ని దారులున్నాయి. రాశారా లేదా అన్నది మాత్రమే నమోదు చేయవచ్చు. పది రాసుకొని, తాము ఎంచుకున్న రెండింటినే ఇవ్వనివ్వచ్చు. చదివే పని మార్కులతో సంబంధం లేని మరో విభాగపు అధ్యాపకుడికి అప్పగించవచ్చు. అంచనా తప్పదనుకుంటే బ్రౌన్ విశ్వవిద్యాలయంలో హెడీ వాల్డ్ బృందం 2012లో ప్రచురించిన కొలమానం ఉంది. అలవాటుగా చెప్పుకుపోవడం నుంచి విమర్శనాత్మకంగా ఆలోచించడం వరకు అందులో నాలుగు స్థాయిలున్నాయి. మార్కులకన్నా, విద్యార్థి ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పే వ్యాఖ్యకే అది బాగా ఉపయోగపడుతుంది.

కలిసి రూపకల్పన చేసే పద్ధతిని ఆరోగ్య రంగం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని లూటన్ అండ్ డన్‌స్టబుల్ ఆసుపత్రిలో పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ 2005 ప్రాంతంలో తల, మెడ కేన్సర్ విభాగాన్ని రోగులు, సిబ్బంది కలిసి మార్చుకునేలా చేశారు. ముందుగా రోగుల అనుభవాలను వీడియో తీశారు, సిబ్బంది అనుభవాలను విడిగా సేకరించారు. తర్వాత ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, మనసుకు గట్టిగా తాకిన ఘట్టాలను గుర్తించి, ఏవి ముందు మార్చాలో కలిసి తేల్చారు. కాలేజీలోనూ ఇదే వరస పనికొస్తుంది. రిఫ్లెక్షన్ రాయడం ఎలా ఉందో విద్యార్థులు, వాటిని కుప్పలుగా దిద్దడం ఎలా ఉందో అధ్యాపకులు వేర్వేరుగా చెప్పాలి. ఆ తర్వాత ఉమ్మడిగా కూర్చొని, ఒక పోస్టింగ్‌కో ఒక మాడ్యూల్‌కో సరిపడా నమూనా తయారుచేసి, చిన్న బృందంతో నడిపి చూడాలి. రోగులను కూడా పిలిచినచోట చర్చ నాణ్యత మారుతుంది. తన గురించి విద్యార్థి ఏం రాసుకుంటాడో వినే హక్కు, తన పేరూ గుర్తింపూ బయటపడకూడదని అడిగే హక్కు రోగికి ఉన్నాయి.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. పిలవగానే వచ్చేది క్లాస్ రిప్రజెంటేటివ్‌లు, ర్యాంకర్లు, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవాళ్లు. ఆత్మసమీక్ష ఎక్కువ అవసరమున్నది, వెనక బెంచీలో మౌనంగా ఉన్నదీ వేరేవాళ్లు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ఒక సబ్జెక్ట్ తప్పినవాళ్లు కూడా ఉండేలా చూడకపోతే అది మరో కమిటీ అవుతుంది. హోదా తేడా అంతకన్నా పెద్ద అడ్డంకి. విభాగాధిపతి ఎదురుగా కూర్చొని ‘మీరిచ్చిన ప్రశ్నలు మాకు పనికిరావు మేడమ్’ అనగల విద్యార్థి అరుదు. మొదటి సమావేశాలను బయటివాళ్లు నడపడం, ముందుగా పేరు లేకుండా చీటీల మీద రాయించడం, విద్యార్థుల సంఖ్య అధ్యాపకుల కన్నా ఎక్కువ ఉండేలా చూడటం దీన్ని కొంత సడలిస్తాయి.

అన్నీ విద్యార్థుల చేతికి వదిలేయడమూ సరికాదు. రోగి గోప్యత చర్చకు పెట్టే విషయం కాదు. నియంత్రణ సంస్థ తప్పనిసరి చేసినదాన్ని కాలేజీ ఎత్తేయలేదు. ఏవి మార్చగలరో, ఏవి మార్చలేరో మొదటి రోజే నిజాయితీగా చెప్పాలి. లేకుంటే తర్వాత వచ్చే నిరాశ పాత విసుగు కన్నా చేటు చేస్తుంది. ఆత్మసమీక్షలో ఒక విద్యార్థి తీవ్రమైన కుంగుబాటును, ర్యాగింగ్‌ను, రోగికి జరిగిన హానిని బయటపెడితే ఎవరికి చెప్పాలి, ఎంతవరకు గోప్యంగా ఉంచాలి అన్నది ముందే రాతపూర్వకంగా ఉండాలి. అధ్యాపకులకు శిక్షణ కూడా కావాలి. చదివినదానికి ‘గుడ్’ అని సంతకం పెట్టి వదిలేస్తే, విద్యార్థులు ఎంత బాగా రూపొందించిన పద్ధతైనా రెండో నెలకే గడులు నింపే పనిగా దిగజారుతుంది. 150 మంది, 250 మంది ఉన్న బ్యాచ్‌లో ప్రతిదానికీ పేరాగ్రాఫు వ్యాఖ్య రాయడం అసాధ్యం కాబట్టి, సీనియర్ విద్యార్థులు నడిపే చిన్న బృందాల్లో చదివి వినిపించుకోవడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

పద్ధతి పనిచేస్తోందో లేదో ఎన్ని పేజీలు నిండాయన్నది చెప్పదు. ఒకే సంఘటన మీద రాసిన రెండు ఆత్మసమీక్షలు ఒకదానితో ఒకటి పోలకుండా ఉంటున్నాయా, నేనింకా తేల్చుకోలేదు అని ముగించే ధైర్యం కనిపిస్తోందా, రాసిన విషయం వల్ల వార్డులో ఒక పనైనా మారిందా అన్నవి మెరుగైన గుర్తులు. విద్యార్థులు మారిపోతూ ఉంటారు. తయారుచేసిన బ్యాచ్ హౌస్ సర్జన్సీకి వెళ్లేసరికి ఆ ప్రశ్నలు కింది బ్యాచ్‌కు మళ్లీ పైనుంచి వచ్చిన ఫారంగానే కనిపిస్తాయి. అందుకే రూపకల్పన ఒక్కసారితో ముగిసేది కాదు. ఏటా కొత్తవాళ్లు పాత ప్రశ్నలను చూసి, కొన్నింటిని ఉంచి, కొన్నింటిని తీసేసే సమావేశం టైమ్‌టేబుల్‌లోనే ఉండాలి. ఏది ఎందుకు తీసేశారో రాసిపెడితే, తర్వాతి బ్యాచ్ అక్కడి నుంచి మొదలుపెట్టగలుగుతుంది.